పోచయ్య బుడగ

రీలు డబ్బా మీది చీటీలో "డబుల్స్" అని ఉన్నది మేనేజరు చలపతిరావు గట్టిగా చదివేసరికి, పోచయ్య చీకటిగదిలో తొట్టిని తడుతున్నాడు. టక్, టక్, టక్. మూడు దెబ్బలు, కాస్త ఆగడం, మళ్లీ మూడు.

జూబ్లీ హిల్స్ వాలు మీద ఉన్న ఆ ల్యాబులో సినిమావాళ్ల ఫిల్ము కడుగుతారు. అందులో లాభం యజమానిది, ల్యాబు కంపు పోచయ్యది. వెలుగుతో బతికే పరిశ్రమలో ఇరవై ఆరేళ్లుగా పట్టపగలే చీకట్లో పని. రహమత్ నగర్ నుంచి రోజూ నడిచే వస్తాడు. ఆ వేళ మాత్రం గుట్ట ఎక్కుతూ రెండుచోట్ల కూలబడ్డాడు. ఎడమచెయ్యి తెల్లారినప్పటినుంచీ లాగుతోంది. మందునీళ్లకు గోళ్లు నేరేడుపండ్లలా నల్లబడ్డాయి, అరచేతులు మాత్రం పాలిపోయాయి. నెగెటివ్‌లు కడిగీ కడిగీ మనిషే నెగెటివ్ అయ్యాడని చలపతిరావు ఛలోక్తి.

తొట్టిలో మందునీళ్లను పంపు తిప్పుతుంటుంది. తిరిగే నీళ్లలో గాలి దూరి, బుడగలై గోడలకూ రోలర్లకూ పేలలా పట్టుకుంటుంది. ఒక్కటి ఫిల్ముకు అంటుకున్నా అక్కడ మందు తగలదు. హీరోయిన్ బుగ్గ మీద లేని పుట్టుమచ్చ పుడుతుంది. ఫిల్ము దించే ముందు వాటిని తట్టి పైకి తోలడం పోచయ్య పని. బతుకు నీటిబుడగని వేదాంతులు ఊరికే అంటారు, పోచయ్యకు నీటిబుడగే బతుకు.

దేంతో తడతాడో ఎవరూ చూడలేదు. వెలుతురులోకి వస్తే తువ్వాల్లో చుట్టేస్తాడు. సుత్తి అని ఒకరు, విరిగిన కుర్చీకాలని ఒకరు పందేలు కాసుకునేవారు.

ఆ డబ్బా సంగతి ఇది. ఆఫీసులో ఫోనెత్తిన సత్యలక్ష్మి "డబుల్స్ రీలు" వస్తోందని రాసుకుని, డబ్బా రాగానే అదే మాట చీటీ రాసి అంటించింది. ఎవరో హీరో గుట్టుగా ద్విపాత్రాభినయం చేశాడని ల్యాబంతా గుసగుస. ముందు చూసే భాగ్యం తనదేనని చలపతిరావు మీసం దువ్వుకున్నాడు. మధ్యాహ్నానికి ఫిల్ము కడిగి ఆరింది. అడుగున దీపం వెలిగే అద్దపుబల్ల మీద పరిచి చూస్తే, ఇద్దరు హీరోలు కాదు గదా, ఒక్కడూ లేడు. గజాల కొద్దీ ఫిల్ములో గుండ్రటి తెల్లచుక్కలే.

"ఏంటయ్యా పోచయ్యా, ఇది ఫిల్మా, గోళీసోడానా?"

ముసలాణ్ణి గేటు దగ్గర కూర్చోబెడదామని ఎన్నాళ్లనుంచో అనుకుంటున్నాననీ, సాయంత్రం యజమానికి చెప్పేస్తాననీ చలపతిరావు అరిచాడు. గేటు దగ్గర ఎండ ఉంటుంది, గాలి ఉంటుంది. కానీ "పోచయ్య తొట్టిలో బుడగ ఉండదు" అన్న మాట ఉండదు. ఆయనకు ఈ లోకంలో ఉన్నది ఆ మాట ఒక్కటే. అన్నండబ్బా విప్పి, భార్య ఎల్లమ్మ కట్టిన పప్పన్నం రెండు ముద్దలు తిని మూత పెట్టేశాడు. పప్పు ఎప్పటిలాగే పలుకులు పలుకులు. ఇంట్లో పప్పుగుత్తి పోయి పదేళ్లయింది. ఎల్లమ్మ చెంబు అడుగుతోనే మెదుపుతుంది.

మూడింటికి ఆటోలో, ఆ ఫిల్ము పంపిన శారదాదేవి దిగింది. ఇంజినీరింగు కాలేజీలో లెక్చరరు. చుక్కల్ని చూసి ఆమె మొహం విప్పారింది. తాను చెప్పింది బబుల్స్ అనీ, డబుల్స్ కాదనీ ఆమె అనగానే సత్యలక్ష్మి నాలుక కరుచుకుంది. నిలువెత్తు గాజుగొట్టంలో నీళ్లను పైకి పారించి, కింద సూదితో గాలి వదిలి, వెనక దీపం పెట్టి, సెకనుకు వందల బొమ్మలు తీసే కెమెరాతో పట్టిందట. బొమ్మ వెంబడి బొమ్మ చూస్తూ ఏ బుడగ ఎంత వేగంతో ఎటు పోయిందో కొలుస్తుందట.

చలపతిరావుకు అప్పుడు పట్టింది అసలు చెమట. ఇన్నింటిలో ఆమెవి ఏవి, తొట్టివి ఏవి?

తొట్టి సంగతి విని శారదాదేవి మొహం కూడా వాడింది. కెమెరా బొంబాయి నుంచి రెండురోజులకు తెచ్చింది, తిరిగి వెళ్లిపోయింది. తొట్టి బుడగలు లెక్కలో కలిస్తే రెండేళ్ల పని నీళ్లపాలు.

"జర నేను సూస్త," అన్నాడు పోచయ్య.

భూతద్దం కంటికి పెట్టి, నల్లటి గోటితో ఒక్కొక్క బుడగనూ బొమ్మ నుంచి బొమ్మకు వెంబడించాడు. ఇన్నేళ్లూ బుడగల్ని తరిమినవాడు మొదటిసారి వాటి నడక చూస్తున్నాడు. చిన్నవి గొట్టం గోడల పక్కకు ఒదిగి పోతున్నాయి, పెద్దవి నడిమధ్య ఊగుతూ పోతున్నాయి. ఒకదాని వెనక పోయేది ముందుదాని జాడలో పడి దాన్ని అందుకుంటోంది.

"చిన్నయి గోడకెందుకు పోతున్నయమ్మా?"

అది పూర్తిగా తెలియకే ఈ తిప్పలని ఆమె నవ్వింది. పోచయ్య తలూపాడు. జూబ్లీ హిల్స్ రోడ్డు మీద కార్లొస్తుంటే తానూ గోడ పక్కకే పోతాడు.

రెండు గంటలు గడిచాయి. చలపతిరావు టీ చెప్పడానికి వెళ్లాడు. శారదాదేవి కాగితాల్లో తలదూర్చింది. ఒకచోట పోచయ్య గోరు ఆగిపోయింది. ముందు బొమ్మ చూశాడు, తర్వాతి బొమ్మ చూశాడు. ఫిల్మును జానెడు జరిపితే చాలు, ఎవరికీ తెలియదు. గోరు కదల్లేదు.

"అమ్మా, అన్నీ మీవే. గిదొక్కటే మీది గాదు. ముందటి బొమ్మల లేదు, ఎనకటి బొమ్మల లేదు. తొట్టిల అంటుకున్నది గా ఒక్క బొమ్మలనే ఉంటది. గిది నాది. పొద్దున తడుతుంటే దగ్గొచ్చింది. దెబ్బ తప్పింది."

ఆమె ఆ బొమ్మ నంబరు రాసుకుని కొట్టేసింది. మీరు చెప్పకపోతే దీన్ని పట్టుకుని కొత్త సిద్ధాంతమే రాసేదాన్నని, రెండు చేతులూ జోడించింది. పోచయ్యకు ఆ దండం ఎటు పుచ్చుకోవాలో తెలియలేదు. చీకటిగది ముందున్న బెంచీ మీద, తువ్వాల మూట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

టీలు వచ్చాయి. చలపతిరావు అందర్నీ పోగేసి కథ మొదలుపెట్టాడు. బబుల్ డబులైన వైనం, డబుల్ తనకు ట్రబులైన వైనం, ఇరవై ఆరేళ్లలో పోచయ్యకు తప్పింది ఒక్క బుడగేననీ, అదీ ఆయనే పట్టిచ్చాడనీ, గేటు మాట వెనక్కి తీసుకుంటున్నాననీ చేతులూపుతూ చెప్పాడు. అందరూ నవ్వారు. సత్యలక్ష్మి అందరికంటే గట్టిగా నవ్వి, పోచయ్య గ్లాసు తీసుకుని బెంచీ దగ్గరికి వెళ్లింది.

గ్లాసు అందుకోవడానికి పోచయ్య చెయ్యి లేవలేదు. ఆమె రెండుసార్లు పిలిచింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, మూడోసారి పిలవలేకపోయింది.

నలుగురూ ఆయన్ను బెంచీ మీద సర్దుతుంటే, ఒళ్లోని తువ్వాల జారి మూట విడిపోయింది. సుత్తీ కాదు, కుర్చీకాలూ కాదు. పందేలు కాసినవాళ్లంతా వంగి చూశారు. మందునీళ్లకు నల్లబడి, తట్టీ తట్టీ తల ఒకపక్క అరిగిపోయిన పాత పప్పుగుత్తి.