పాడైన అన్నానికి తూకం

రెండో వరదకు మిల్లు గోదాం గోడ కూలిన ఏడాది అది. వానలు పోయి ఎండలు ముదిరాయి. ఒకరోజు వెల్ఫేర్ గుమస్తా కార్మికుల ఇళ్ల లైన్లలోకి వచ్చి, చెత్తడబ్బాల్లోని అన్నం నడివీధిలో తూకం వేశాడు. మూడుసార్లు అన్నం దొరికిన ఇంటికి మిల్లు ఇచ్చే బియ్యం ఆపేస్తారట.

“తినడానికి లేదని ఏడుస్తారు. పారేయడానికి మాత్రం ఉంటుంది,” అన్నాడు అందరికీ వినబడేలా.

అప్పుడు తూకానికెక్కింది మూగాయన డబ్బా. అతనింట్లో దొరకడం అది రెండోసారి. మిల్లులో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నా నోరు విప్పడని ఆ పేరు పెట్టారు. తల దించుకున్నాడు.

అతని డ్యూటీ రెండింటికి అయిపోవాలి. ఆ వేళకి భార్య వండి పెట్టేది. రెండింటికి ఐదు నిమిషాలుందనగా బెల్లు మోగిందా, ఓటీ, అదనపు పని. ఇక గేటు తియ్యరు. చేతిలో ఒక బన్ను పెట్టి రాత్రి పది దాకా నిలబెడతారు. రేకుల గదిలో అతని వంతు అన్నం పులిసి తీగ సాగేది.

మూడోసారి మిగిలినప్పుడు భార్య దాన్ని డబ్బాలో వెయ్యలేదు. కడిగి తినేసింది. తెల్లారేసరికి వాంతులు, విరేచనాలు. ఆసుపత్రిలో రెండోరోజు, “బియ్యం ఆపలేదు కదా?” అని అడిగింది. అదే ఆఖరి మాట.

నాలుగు రోజులకి కుళాయి దగ్గర పక్కింటి వదిన అతన్ని ఆపింది. ఆమెదీ అదే మిల్లు, అదే షిఫ్టు.

“పాడైందని తెలిసీ ఎందుకు తిందయ్యా?”

“డబ్బాలో వేస్తే తూకమేస్తారని.”

వదిన బిందె కింద పెట్టింది. “నేను పొయ్యి పక్కన గొయ్యి తీసి పూడ్చేస్తున్నా. ఈ దరిద్రం మా ఒక్క ఇంటిదే అనుకున్నా.”

“నేను మూటగట్టి రైలు పట్టాల మీద పోసొస్తున్నా,” అంది కుళాయి కింద బిందె పెట్టిన ఎదురింటామె.

“మరి నన్ను దుబారా మనిషినని ఎందుకన్నావే?” అంది వదిన.

“నువ్వు నన్ననకముందే అందామని.”

నవ్వబోయిన వాళ్లు మూగాయన్ని చూసి ఆగిపోయారు.

“అన్నం పాడు చేస్తోంది మనం కాదు, ఆ బెల్లు,” అంది వదిన. “ఓటీ ఉంటే ముందురోజే చెప్పమందాం. పొయ్యి వెలిగించకముందే మాకు తెలియాలి అందాం.”

అర్జీ రాయించుకుని లైన్లన్నీ ఆఫీసు మీదికి కదిలాయి. మేనేజరు అర్జీ చదివి విసిరేశాడు.

“ఆర్డర్లు మీ పొయ్యిల్నడిగి వస్తాయా?”

“అయితే మా చేతులు లేకుండానే చేసుకోండి,” అంది వదిన.

మర్నాడు బెల్లు మోగగానే మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. మూడొందల మంది గేటు నెట్టుకుని ఇళ్లకి పోయి, అన్నం చెడకముందే తిన్నారు. మూగాయన ఇంట్లో వండేవాళ్లు లేరు. వదిన పళ్లెం పంపింది. సాయంత్రం పోలీసులు వచ్చి, జనాన్ని రెచ్చగొట్టిందని వదినని జీపెక్కించారు.

తెల్లారి షిఫ్టు వేళకి మూగాయన మిల్లుకి పోలేదు. స్టేషనుకి పోయాడు.

“ఏం కావాలి?” అన్నాడు ఎస్సై.

“నిన్న మిషన్ ఆపాను. నా పేరూ రాసుకోండి.”

“నువ్వొక్కడివేనా?”

మూగాయన గుమ్మానికి అడ్డు తప్పుకున్నాడు. వెనకాల షిఫ్టు షిఫ్టంతా నిలబడి ఉంది.