ఒంటికి కాపలా

“నువ్వేం చెయ్యక్కర్లేదు, నా ఒంటికి కాపలా ఉంటే చాలు,” అన్నారు మా ఆయన, టీ కప్పులు తెచ్చిన నన్ను కుర్చీలో కూర్చోబెడుతూ.

ఆదివారం మధ్యాహ్నాలు ఆయనా, ఇద్దరు స్నేహితులూ మా హాల్లో మాంత్రికుల ఆట ఆడతారు. ఒకరు కథ నడిపిస్తుంటే మిగతావాళ్ళు తలో పాత్ర పట్టుకుని పాచికలేస్తూ ఆడే ఆట అది. ఆట నడిపేది పళ్ళ డాక్టరు, రెండో ఆయన లెక్కల మాస్టారు. మా ఆయన మూడేళ్ళుగా ఒకే మాంత్రికుణ్ణి పెంచుకొస్తున్నారు. నా పుట్టినరోజు మరిచిపోతారు గానీ వాడి పుట్టినరోజు మరవరు. వాడికి ఈమధ్యే కొత్త మంత్రం పట్టుబడింది. చదివితే ఆత్మ ఒళ్ళు విడిచి ఎక్కడికైనా వెళ్ళొస్తుంది. ఒళ్ళు మాత్రం అడవిలో పడి ఉంటుంది. పక్కన కాపలా మనిషి ఉండి, అడిగినప్పుడల్లా “ఉన్నాను” అనాలి. అనకపోతే తోడేళ్ళొచ్చి తినేస్తాయి, వాడి కథ అంతటితో సరి. పైగా వీళ్ళు పెట్టుకున్న రూలొకటి: ఆత్మ బయటికెళ్ళినవాడు బాల్కనీలో కూర్చోవాలి, వెనక తన ఒంటికేమవుతోందో వినకూడదు.

పదకొండేళ్ళుగా నేను వెలగబెడుతున్నదీ ఇదే కదా అనిపించింది. ఆయన మనసు ఆఫీసులోనో ఆటలోనో షికార్లు తిరుగుతుంది. ఇక్కడ పడున్న ఒంటికి వేళకింత తిండి, బీపీ మాత్ర, ఇస్త్రీ చొక్కా నేను అందించాలి. “వాడు పనిలో పడితే ఒళ్ళు తెలీదమ్మా, నువ్వే కనిపెట్టుకుని ఉండాలి,” అని పెళ్ళైన వారానికే మా అత్తగారు అప్పజెప్పారు. పొద్దున్నుంచీ ల్యాబులో నలభై మందికి రక్తం తీసి వచ్చే నా ఒంటిని ఎవరు కనిపెట్టుకోవాలో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు.

బాల్కనీలోకి వెళ్తూ వెళ్తూ ఆయన స్నేహితులకో తమాషా చెప్పారు. “మొన్న దీని సూపర్వైజరు ఫోన్ చేసింది. కొత్త బ్రాంచికి చీఫ్‌గా రమ్మంటోంది, సోమవారంలోగా చెప్పాలట. ఇది స్నానంలో ఉంది. మా ఆవిడకి అంత సీను లేదండీ అని నేనే చెప్పేశా.”

ఆ కుర్చీ కోసం ఆరేళ్ళు ఎదురుచూశాను. ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ వెనకే, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, మహా సరదా పుట్టింది.

“కాపలా?” అడిగారు డాక్టరు, ఆయన బాల్కనీ అద్దం తలుపు వేసుకోగానే.

“లేను.”

“ఉన్నాను అనాలమ్మా.”

“తెలుసండీ. నేను లేచి వెళ్ళిపోయాను. తోడేళ్ళని రానివ్వండి.”

“మూడేళ్ళ కష్టం చెల్లెమ్మా,” అని బతిమాలారు లెక్కల మాస్టారు.

“నాది పదకొండేళ్ళది అన్నయ్యగారూ.”

డాక్టరు పాచికలు వేశారు. తోడేళ్ళు ముందుగా కాళ్ళు తిన్నాయి. నిదానంగా తిననివ్వమన్నాను. అంతా అయ్యాక మాంత్రికుడి బలాలన్నీ రాసుకున్న కాగితాన్ని నా చేతులతో నేనే అడ్డంగా చింపాను.

“పిలిచి చెప్పనా?” అన్నారు డాక్టరు గొంతు తగ్గించి.

“ఆత్మకి తెలియకూడదు కదండీ. మీ రూలే.”

బాల్కనీ తలుపుకి గడియ పెట్టాను. అద్దం అవతల ఆయన ఏ కోటనో గెలుస్తున్నట్టు కాళ్ళూపుకుంటూ కూర్చున్నారు. సూపర్వైజరుకి ఫోన్ కలిపాను.

“మేడమ్, మొన్న మీతో మాట్లాడింది నేను కాదు. ఇప్పుడు నేను మాట్లాడుతున్నాను.”