గ్రంథాలయం పెట్టిన ఫోటో

పాకాల శాఖా గ్రంథాలయానికి అప్పట్లో అందరూ వాడే ఆర్కుట్ సైటులో ఒక పేజీ ఉండేది. పనివేళలు, సెలవు దినాలు తప్ప అందులో ఏమీ ఉండేవి కావు. లైబ్రేరియన్ ప్రసన్నకుమారి అక్కకు అది నచ్చలేదు. "గవర్నమెంటు బోర్డు మాదిరి ఉండాది. మనుషులు తిరిగే సోటని తెలియాల గదా," అని రోజుకొక పాఠకుడి గురించి రాయడం మొదలుపెట్టింది. మంచి మనిషే. ఆ మంచితనానికి కాస్త జాగ్రత్త కూడా తోడై ఉంటే నా గుండెలు ఇలా జారిపోయేవి కావు.

ఆ రోజు పొద్దున నన్ను ఎదురుగా ఉన్న నెట్ సెంటర్‌కు లాక్కెళ్ళింది. "నిన్న నీ గురించి రాసినా పాపా. ఎంతమంది పలికినారో సూడు."

తెర మీద నా ఫోటో. కింద అక్క రాసిన మాటలు. "ఈమె మహిత. భర్త జోయల్ రేణిగుంట గోడౌన్‌లో నైట్ డ్యూటీ దిగి వచ్చి, స్టేషన్ వెనక ఉన్న ఒంటిగదిలో నిద్రపోతాడు. ఆయన నిద్ర చెడకూడదని ఈమె సాయంత్రం దాకా మా దగ్గరే చదువుకుంటుంది."

స్టేషన్ వెనక ఏ వీధి అని ఎవరో అడిగారు. చర్చి పక్క మిద్దె అని అక్క చక్కగా జవాబిచ్చింది.

వేరే మతం వాణ్ణి చేసుకున్నానని మా చిన్నాయన కొడవలి పట్టుకుని వెతుకుతుంటే మేము చిత్తూరు వదిలి ఇక్కడ దాక్కున్నాం. "నన్నొక మాట అడగొద్దా అక్కా?" అన్నాను. ఆమెను కొట్టాలనిపించింది. విషయం చెప్పగానే అక్క గబగబా మౌసు అందుకుంది. ఫోటో తీసేయబోయింది.

అప్పుడే అద్దం తలుపులోంచి మా నాయన కనిపించాడు. నేరుగా గ్రంథాలయంలోకి పోయి, వెంటనే బయటికొచ్చి, గుమ్మం దగ్గరి కుర్చీలో కూర్చున్నాడు. నేను చటుక్కున ప్లైవుడ్ అడ్డు వెనక్కి వంగాను. నన్ను పట్టుకోవడానికే వచ్చాడనుకున్నాను. జోయల్ గదిలో క్షేమంగా ఉన్నాడు, అదే చాలనుకున్నాను.

"మహితా, ఇది సూడు," అంది అక్క, తెర నా వైపు తిప్పి.

పేజీలో కొత్త మెసేజ్. మా అన్న రఘునాథ్ పంపింది.

"మేడమ్, మా చెల్లెలికి చెప్పండి. నాయన వచ్చింది ఆమెను తీసకపోయేదానికి కాదు. ఆమె ఇంటికి పోకుండా ఆడ్నే ఆపేదానికి. చిన్నాయనోళ్ళు మిద్దె కాడికి పోయినారు."

అక్క ఫోన్ తీసింది. జోయల్ నంబరు మోగుతూనే ఉంది. పడుకునేటప్పుడు ఫోన్ సైలెంట్‌లో పెట్టుకోమని రోజూ చెప్పేది నేనే.

"అక్కా, పోలీసులకు ఫోన్ చెయ్యి," అని తలుపు తోసుకుని, నాయన కళ్ళెదుటే రోడ్డు మీదికి దూకి పరుగెత్తాను.

నాయన లేచాడు కానీ వెంటపడలేదు. వెనక నుంచి ఆయన గొంతు మాత్రం వినిపించింది.

"ఆడికి పోవద్దు పాపా. నువ్వు సూడలేవు."