మోగని బిళ్ళలు

టైఫాయిడ్‌తో వీరమ్మ పోయిన ఏడాదికి, ఆమె పేరు మీద చర్చి ఆవరణలో మంచినీళ్ళ ఫిల్టరు పెట్టించాలని ఆమె భర్త ఐజాక్ మాస్టారు పట్టుబట్టారు. నిడదవోలు పక్కన పల్లె వాళ్ళది. తాగేది కాలవ నీళ్ళే. ఫిల్టరు తయారుచేసేది కాకినాడలో రీసెర్చి చేస్తున్న కూతురు రెబెక్కా.

బంకమట్టిలో ఊక పొడి కలిపి బిళ్ళలు చేసి ఫర్నేసులో కాలుస్తుంది. ఊక కాలిపోయినచోట కంటికి కనపడని సందులు మిగులుతాయి. క్రిముల్ని ఆపే పల్చటి పూతని ఆ బిళ్ళ మోయాలి, నీళ్ళని మాత్రం కిందికి వదలాలి. మొదటి బిళ్ళ సంఘమంతా చూస్తుండగానే పంపు ఒత్తిడికి పగిలింది. "ఇంత చదివి పెంకులు చేసిందా?" అని ఎవరో నవ్వారు. ఆ నవ్వు మాస్టారి చెవుల్లో ఇంకా అలాగే ఉంది.

ఈసారి రెబెక్కా రెండు రకాల వేడిలో కాల్చి, బిళ్ళలన్నీ ముందుగా ఇంటికి పంపింది. ఆదివారం ప్రారంభం. మాస్టారు ఆగలేకపోయారు. కుండ కొనేటప్పుడు వీరమ్మ చేసినట్టే ఒక్కోదాన్నీ వేలి కణుపుతో కొట్టి చూశారు. ఖంగుమన్నవి పక్కన పెట్టారు. మొద్దుగా పలికినవాటిని పొరపాటున కూడా ఎవరూ బిగించకూడదని, సుత్తితో చితక్కొట్టి కుళాయి దగ్గర బురదగుంటలో పోశారు. పిల్లకి మళ్ళీ తలవంపులు తప్పించానని ఆయనకి కంటినిండా నిద్ర పట్టింది.

శనివారం రెబెక్కా వచ్చి, ముందు పెరట్లోనే ఒక బిళ్ళ బిగించి నీళ్ళు పోసింది. గంటయినా చుక్క దిగలేదు.

"ఇవి ఎక్కువ వేడిలో కాల్చినవండి నాన్నగారూ, పోల్చి చూడ్డానికి చేశాను. వేడి మించితే మట్టి అతుక్కుపోయి సందులు మూసుకుపోతాయి. గట్టిగా ఉంటాయి, మోగుతాయి, నీళ్ళని మాత్రం పోనివ్వవు. మనకి కావాల్సినవి రెండోరకం. ఒత్తిడి పెట్టి చూశాను, తట్టుకున్నాయి. అవేవండి?"

మాస్టారు గుంట వైపు చెయ్యి చూపించారు.

రెబెక్కా వెళ్ళి గుంటలోని ముక్కల్ని చూసింది. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకి. బిళ్ళ మీద నిలిచిన నీళ్ళని ఆమె పైన పొడిగా ఉన్న ముక్కల మీద ఒంపేసింది. గంటసేపు కదలని నీళ్ళు చూస్తుండగానే ఇంకిపోయాయి.

ఆయన పంచె బురదవుతున్నా మోకాళ్ళ మీద కూర్చుని వెతికారు. అరచేతంత ముక్క దొరికింది. కడిగి, పైన నీళ్ళు పోసి, కింద చెయ్యి పట్టారు. కాసేపటికి ఒక చుక్క రాలింది.

"మీ అమ్మ పేరున రావలసిన నీళ్ళమ్మా ఇవి," అన్నారు. "నా చేతులతోనే పగలగొట్టుకున్నాను."

వీరమ్మ సమాధి దగ్గర కూడా ఏడవని మనిషి, ఇప్పుడు పైకే ఏడ్చారు. రెబెక్కా పక్కన కూర్చుని, ఆ ముక్క కింద తనూ చెయ్యి పట్టింది.