కొలతల కాగితం

సూదిలో దారం ఎక్కించాలంటే ఇప్పుడు నాకు పదిసార్లు పడుతోంది. ఒక కంటితో చూస్తే సూది కనిపిస్తుంది కానీ ఎంత దూరంలో ఉందో తెలియదు. టీ కూడా కప్పు పక్కన పోస్తున్నాను. "కాస్త చూసి పొయ్యమ్మా" అంటుంది అత్తయ్య. చూసే పోస్తున్నాను అత్తయ్యా, ఉన్న ఒక్కదానితో.

ఎనిమిది నెలల కింద ఆవిడనే మోకాళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తూ, ఆసుపత్రి గేటు దగ్గర కారు తిప్పబోయి స్తంభానికి తగిలించాను. సైకిలు వేగం కూడా లేదు. బంపరుకు సొట్ట పడింది, అంతే. కాపాడాల్సిన ఎయిర్‌బ్యాగ్ మాత్రం ఢామ్మని పేలి, దానిలోని ఇనపముక్క నా కుడికంట్లో దిగింది. వెనక సీట్లో అత్తయ్యకు చిన్న గీత కూడా పడలేదు. "నీకు స్టీరింగ్ ఇవ్వడం నాదే బుద్ధితక్కువ" అన్నాడు మా ఆయన, నేనింకా ఆసుపత్రి మంచం మీద ఉండగానే. చూడవచ్చిన వాళ్లందరికీ అదే పాట. నిజమే కాబోలనుకున్నాను. కన్ను పోగొట్టుకున్నదాన్ని, బంపరు సొట్టకు క్షమాపణ చెప్పుకున్నాను. తలుచుకుంటే ఒళ్లు మండిపోతుంది.

నా దగ్గర నల్లకోట్లు కుట్టించుకునే లాయరమ్మ ఒకావిడ ఉంది. సంగతి విని, కారు ఏదో అడిగి, "తప్పు మీది కాదండీ. ఆ ఎయిర్‌బ్యాగుల్లోనే లోపముంది. తయారుచేసిన వాళ్లమీద కేసు వేసే హక్కు మీకుంది" అంది. కాగితాలు రాస్తూ, ఎయిర్‌బ్యాగ్ మార్చుకోమని కంపెనీ నుంచి ఉత్తరమేమైనా వచ్చిందా అని అడిగింది. "వచ్చినా వాళ్ల తప్పు ఎక్కడికీ పోదు. కొంచెం కష్టమవుతుంది, అంతే. అబద్ధం చెప్పి దొరికిపోతే మాత్రం నేనేం చెయ్యలేను." నాకు ఉత్తరాలెవరు రాస్తారు మేడం, రాలేదన్నాను. రేపు కోర్టులో ప్రమాణం చేసి అదే చెప్పాలి.

ఇవాళ పొద్దున ఆవిడ ఫోన్ చేసి, ఇంకో కోటు కావాలి, పాత కొలతలే అంది. మా ఇంట్లో ఒక పద్ధతుంది. పోస్టులో ఎవరి పేరున ఏది వచ్చినా మా ఆయనే విప్పుతాడు. అక్కర్లేనివి నా మెషీను మీద పడేస్తాడు. ఖాళీ వైపున నేను కొలతలు రాసుకుని తీగకు గుచ్చుతాను. అవతలి వైపు ఏముందో చూడాలని ఏనాడూ తోచలేదు, నాకేదో అక్షరాలు రానట్టు. లాయరమ్మ కాగితం తీగ నుంచి లాగితే మడత విడిపోయింది. పైన నా పేరు. ఆడవాళ్ల పేరున కొంటే కలిసొస్తుందని కారు నా పేరున తీసుకున్నాడు లెండి. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే ఇనపముక్కలు ఎగిరే ప్రమాదముంది, ఉచితంగా మారుస్తాం, మార్చేదాకా కారు నడపవద్దు అని ఉంది. తేదీ ప్రమాదానికి ఐదు నెలల ముందుది. వెనక నా చేతిరాతే. భుజం పద్నాలుగున్నర, చెయ్యి ఇరవై రెండు.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన మా ఆయన ముందు పెట్టాను. ముద్ద ఆపలేదు.

"మూడ్రోజులు షెడ్డులో పెట్టమన్నారు. ఆఫీసుకి ఎలా వెళ్లను? తర్వాత చూద్దామనుకున్నా, మర్చిపోయా. చింపెయ్. ఇది బయటపడితే కేసు పోతుంది, పోయేది నీకే."

"మరి నా చేతకానితనం వల్లే అని అందరికీ చెప్పారెందుకండీ?"

"ఇప్పుడవన్నీ ఎందుకు? నీళ్లు పొయ్యి."

పోశాను. సగం గ్లాసు బయటే పడ్డాయి. ఎనిమిది నెలలుగా ఈ మనిషికి తెలుసు. నేను రాత్రింబవళ్లు ఆ మలుపునే తలుచుకుని, ఇంకాస్త ఎడమకు తిప్పి ఉంటే బావుండేదని కుమిలిపోతుంటే, పక్కనే పడుకుని చూస్తూ ఊరుకున్నాడు. కన్ను పోయినప్పుడు కూడా నాకింత ఏడుపు రాలేదు.

సాయంత్రం లాయరమ్మ కోటుగుడ్డ ఇవ్వడానికి వచ్చింది. మా ఆయన సోఫాలో పేపరు చదువుతున్నాడు. నేను చింపేశాననే అనుకుంటున్నాడు. చింపమన్నవి ఇన్నాళ్లూ చింపాను మరి.

"పాత కొలతలు ఉన్నాయా?" అంది లాయరమ్మ.

"ఉన్నాయి మేడం" అని కాగితం ఆవిడ చేతికిచ్చాను. "రెండో వైపు చదవండి. ఉత్తరం రాలేదని మీతో తప్పు చెప్పాను, రేపు కోర్టులో ఉన్నదున్నట్టు చెబుతాను. నా పేరున వచ్చింది, నేను ఇవాళే చదివాను. వచ్చిన రోజే చదివినాయన, అదుగో, సోఫాలో ఉన్నారు."