సముద్రానికో సీసా కల్లు

సోమక్క లొట్టి వంచి, పలుచటి బట్టలోంచి కల్లును డ్రమ్ములోకి వడబోస్తోంది. తాగి తూగుతున్న తేనెటీగ ఒకటి, నాలుగు చీమలు, కాస్త తాటిపూత పొట్టు బట్టమీద మిగిలాయి. తేనెటీగను వేలితో మెల్లగా నేలమీదికి దించి, బట్ట దులిపి, రెండో లొట్టి అందుకుంది. పొద్దు బారెడెక్కింది. ఎనుమాముల మార్కెట్టు వైపునుంచి వచ్చే గాలిలో మిర్చి ఘాటు ఉంది. ఈ కాలంలో ఈ తాటివనంలో తాగేవాళ్లు తుమ్ముతూ తాగుతారు, తాగుతూ తుమ్ముతారు. ఎవరూ పట్టించుకోరు.

మనిషి పొట్టి, మాట ఇంకా పొట్టి. అరవై దాటినా వెన్ను వంగలేదు గానీ, ఏళ్ల తరబడి లొట్లు వంచీ వంచీ కుడి భుజం ఎడమదానికంటే కొంచెం కిందికి దిగింది. అరచేతులు ఎప్పుడూ తడిగా, తెల్లగా, ముడతలు పడి ఉంటాయి. చీర మార్చినా, తలంటుకున్నా ఒంటికి పట్టిన పులుపు వాసన పోదు. కూతురు మానస పెళ్లినాడు ఎవరో పెద్దమనిషి ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకుంటే, సోమక్క భర్త కైలాసం ఆయన పక్కనే పోయి కూర్చుని, భోజనాలయ్యేదాకా లేవలేదు.

కైలాసం పోయి ఏడాది కావస్తోంది. అతని చెట్లను ఇప్పుడు మరిది కొడుకు హరీశ్ గీస్తున్నాడు. సోమక్క మాత్రం అదే గుడిసె కింద, అదే పీటమీద కూర్చుని అమ్ముతోంది. ఇవాళ మధ్యాహ్నం దాకానే అమ్మకం. సాయంత్రం ఆమె సముద్రానికి పోతోంది.

అల్లుడు మధుకు మార్కెట్టు దగ్గర పురుగుమందుల దుకాణం ఉంది. సరుకు బాగా అమ్మాడని కంపెనీవాళ్లు మద్రాసు నుంచి మూడు రోజుల ఓడ ప్రయాణం ఇచ్చారు. మొగుడూ పెళ్లాం పోవచ్చు, వెంట ఇంకొకరిని తీసుకుపోవచ్చు. హనుమకొండలో నర్సుగా చేసే మానస నోట ఇంకో పేరు రాలేదు. ఓడలో ఏడంతస్తులుంటాయనీ, మెట్లు ఎక్కనక్కర్లేదు, లిఫ్టు ఉంటుందనీ చెప్పింది. సోమక్క అవేవీ వినలేదు. నీళ్లు కనిపిస్తాయా అని ఒక్కటే అడిగింది.

పెళ్లయిన కొత్తలో మొగుడికి సద్దిగిన్నె పట్టుకుని ఈ వనానికి వచ్చేది. గట్టుకింది తాడు అన్నిటికంటే ఎత్తైన తాటిచెట్టు. నడుముకు మోకు బిగించుకుని కైలాసం దాని మొవ్వులో కూర్చుంటే, కిందినుంచి అరికాళ్లు మాత్రం కనిపించేవి.

“ఏమగుపడ్తాంది?” అని అడిగిందొకనాడు, ఊరికే.

“సముద్రం,” అన్నాడు పైనుంచి.

పద్దెనిమిదేళ్ల పిల్ల. చెరువు తప్ప వేరే నీళ్లు ఎరగదు. నమ్మింది. ఎట్లా ఉంటుందని అడిగింది. దున్నిన చెలక లెక్క ఉంటుందనీ, సాళ్లన్నీ కదులుతుంటాయనీ, అవతలి గట్టు అగుపడదనీ చెప్పాడు. మర్నాడు మళ్లీ అడిగింది. ఇవాళ నీలంగా ఉందన్నాడు. ఇంకోనాడు మబ్బు పట్టి కనిపించడంలేదన్నాడు. అట్లా రెండు కాలాలు గడిచాక, పక్క గుడిసె యాకమ్మ పొట్ట చేత్తో పట్టుకుని నవ్వి, సముద్రం రైల్లో ఒక రాత్రంత దూరమని చెప్పింది.

సోమక్కకు సిగ్గేసింది, కోపం మాత్రం రాలేదు. తెలిసిపోయిందని మొగుడికి చెప్పలేదు. చెబితే ఇక చెప్పడం మానేస్తాడేమోనని భయపడింది. అందుకని మర్నాడూ అడిగింది, ఆ పై ఏడూ అడిగింది. ఆమెకు తెలుసునని ఆయనకు ఎప్పుడు తెలిసిందో, అసలు తెలిసిందో లేదో ఆమెకు తెలియదు. కాపురమంతా ఆ ఒక్క అబద్ధాన్ని ఇద్దరూ కలిసి పసిపిల్లలా సాకారు.

“ఒకసారి దగ్గరికి పోయి సూద్దాం సోమా,” అనేవాడు, ఎప్పుడైనా ఒక తాటాకు రేక ఎక్కువ తాగినప్పుడు. “గట్టుకింది తాడుది ఒక సీసా పట్టుకపోదాం. గంగమ్మకు సాక పోసి, మిగిలింది ఇద్దరం తాగుదాం.”

కొత్త తావుకు పోతే, కొత్త పని మొదలుపెడితే, ముందుగా నాలుగు చుక్కల కల్లు నేలకు పోసి దేవతకు మొక్కనిది వాళ్లింట్లో ఎవరూ గుక్క దించరు. అదే సాక. మరి సముద్రమంటే మాటలా?

పోదామనేవాడేగానీ పోయింది లేదు. తాటిచెట్టు పాడిబర్రె లాంటిది. పొద్దూమాపూ గీయాలి, పూట తప్పితే ఇగిరిపోతుంది. చెట్టును నమ్ముకున్నవాడికి చుట్టాల ఊరు కూడా దూరదేశమే. మేడారం జాతరకు పోయినా కైలాసం రాత్రికి రాత్రి తిరిగొచ్చేవాడు. దవాఖానలో పడుకున్నప్పుడే ఆయన మొదటిసారి చెట్లను విడిచి అన్ని రోజులున్నది. అక్కడే ఒక రాత్రి అన్నాడు.

“నువ్వన్న పోయి సూసిరా సోమా. నేను చెప్పినట్టే ఉన్నదో లేదో వచ్చి చెప్పు.”

“ఇద్దరం పోదాం తియ్యి.”

“అయితే సీసా నువ్వే పట్టుకో మరి,” అని కళ్లు మూసుకున్నాడు. తెల్లారేసరికి పోయాడు.

అందుకని సోమక్కకు ఆ సీసా కల్లు సీసా కాదు. అది వెంట రాకపోతే తానొక్కతే పోయినట్టు. ఒక్కతే పోవడం ఆమెకు ఇష్టం లేదు.

పగటి గిరాకీ సద్దుమణిగాక మధు బండిమీద వచ్చాడు. సంచులు సర్దడం అయిందా అని అడిగాడు. సోమక్క నీళ్లిచ్చి, సీసా సంగతి చెప్పింది. మధు నవ్వలేదు, మంచివాడు. ఫోను తీసి ఓడవాళ్లు పంపిన నియమాలు వేలితో పైకి తోస్తూ చదివాడు.

“కష్టమే అత్తమ్మా. మనిషికొక వైన్ సీసా తెచ్చుకోవచ్చునట. అది గూడ సీలు తియ్యనిది. సీలు లేంది ఏదీ రానియ్యరట. వేరే మందు ఏదున్నా మెట్ల కాడనే తీస్కొని దాచిపెట్టి, దిగేనాడు ఇస్తరట.”

“దిగేనాటికి అది కల్లుంటదా బిడ్డా?”

“ఉండదు గని, ఏం జేద్దాం.” ఫోను జేబులో పెట్టుకున్నాడు. “ఫికర్ చెయ్యకుండ్రి. మద్రాసుల మంచి వైన్ సీసా ఒకటి నేను కొంట. అదే పోద్దురు సాక.”

సోమక్క తల ఊపింది. తల ఊపడం ఒప్పుకోవడం కాదని మానసకు తెలుసుగానీ మధుకు ఇంకా తెలియదు. ఏ దేశపు ద్రాక్షపండ్లో, ఏ మనిషి పిండాడో, దాన్ని పోసి ‘ఇగో, మా ఆయన పంపిండు’ అని గంగమ్మకు ఏ ముఖంతో చెప్పాలి?

అంతా విన్న యాకమ్మ, మధు బండి మలుపు తిరిగిందో లేదో వచ్చి కూర్చుంది. ఎక్సైజువాళ్ల కళ్లు కప్పి బతికిన మనిషి, ఓడవాళ్లు ఆమెకొక లెక్కా.

“నీళ్ల సీసాల పోస్కపో అక్కా. తెల్లగుంటది, సల్లనుకుంటరు. మూత మాత్రం జర గట్టిగ బిగియ్యి. వాసన బయటికి రావద్దు.”

నాలుగు గంటలు దాటాక హరీశ్ గట్టుకింది తాడు ఎక్కాడు. సోమక్క కింద నిలబడి చూసింది. ఆ అరికాళ్లు వేరు, ఆ చెట్టు మాత్రం అదే. ఏం కనిపిస్తోందని అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు. లొట్టి దించాక ఒక చుక్క నాలుకమీద వేసుకుంది. తియ్యగా, లేతగా ఉంది. కొత్త నీళ్ల సీసా తెరిచి, నీళ్లు పారబోసి, గొంతుదాకా నింపింది.

చేతికి అలవాటు కదా, వెంటనే తాటాకు ముక్క చుట్టి మూతిలో దోపింది. కల్లు సీసాకు పెట్టేది అదే, లోపలి పొంగు ఊపిరి తీసుకునేంత వదులుగా. ఆకు చూడగానే మధు మాట గుర్తొచ్చింది. సీలు లేంది రానియ్యరు. ఇంతా చేసి మెట్ల దగ్గర ఎవడో ఆపి, వాసన చూసి, పక్కన పెడితే? ఆకు బిరడా తీసి బొడ్లో దోపుకుని, ప్లాస్టిక్ మూత పెట్టి రెండు చేతులా బిగించింది. నలభై ఏళ్లుగా ఎంతమంది తాగుబోతులను ‘మూత బిగియ్యకురా, పేల్తది’ అని తిట్టిందో, ఆ తిట్టు ఆ క్షణాన ఆమెకు గుర్తే రాలేదు. ఆశ అట్లాంటిది. సీసాను జరీ అంచు చీరలో చుట్టి సంచి అడుగున పెట్టింది.

ఆటోలో సంచి ఒళ్లోనే పెట్టుకుంది. మానస తీసుకోబోతే ఇవ్వలేదు. వరంగల్ స్టేషన్‌లో ప్లాట్‌ఫారం చివర వేపచెట్టు చుట్టూ సిమెంటు గద్దె ఉంది. అక్కడ కూర్చున్నారు. పగలంతా కాలిన గద్దె ఇంకా వెచ్చగానే ఉంది. చీకటి పడబోతోంది. రైలు వస్తోందని మైకు చెప్పింది. మధు పెట్టెలు ముందుకు జరిపాడు.

అప్పుడు సంచిలోంచి సన్నగా బుస్సుమంది.

మానస ఉలిక్కిపడి లేచింది. పామేమోననుకుంది పాపం. మరుక్షణం వాసన తగిలి తల్లి ముఖంలోకి చూసింది. సోమక్క సంచిలోంచి చీరచుట్ట తీసి విప్పింది. సీసా ఉబ్బి గుండ్రమైంది. అడుగు బయటికి పొడుచుకొచ్చి, గద్దెమీద నిలబడలేక పక్కకు ఒరిగింది. మూత అంచునుంచి నురుగు బుడగలు కక్కుతోంది.

“అత్తమ్మా,” అన్నాడు మధు మెల్లగా. “ఇంకో గంటయితే పేలుతుండె.”

“ఎరుకే బిడ్డా,” అంది సోమక్క. “నాకెరుక లేకపోతే ఇంకెవలికెరుక.”

మూత తిప్పింది. కల్లు ఒక్కసారిగా ఎగదన్ని, ఆమె మణికట్టు మీదుగా, గద్దె మీదుగా, వేపచెట్టు మొదట్లో మట్టిలోకి కారింది. నురుగు తెల్లగా మరిగి, మట్టిలో ఇంకిపోయింది. ఆమె ఆపలేదు. సగం సీసా పోయాక దానంతటదే ఆగింది. మూత పెడితే పేలుతుంది, పెట్టకపోతే దారంతా పొర్లుతుంది. దీన్ని ఏ ఓడలోకీ ఎవరూ తీసుకుపోలేరు.

“నేను రాను బిడ్డా,” అంది. “మీరిద్దరు పోయిరాండ్రి.”

మానస గద్దె దగ్గర మోకాళ్లమీద కూర్చుని, తల్లి తడిచేయి తన కొంగుతో తుడిచింది. తుడుస్తూ ఆ చేతినట్లాగే పట్టుకుని, “దవాఖాన్ల తప్ప, బాపు ఎన్నడన్న పొలిమేర దాటి ఒక రాత్రి ఉన్నడా అమ్మా?” అంది. 

సోమక్క తడిసిన మట్టిని చూసింది. నిజమే. ఎన్నడూ ఉండలేదు. జాతరకు పోయినా పరుగున తిరిగొచ్చిన మనిషి. పోదాం పోదామంటూనే నలభై ఏళ్లు ఇక్కడే ఉన్నాడు, ఇప్పుడూ స్టేషన్ దాటనంటున్నాడు. సాక కూడా తనంతట తనే పోసుకున్నాడు. ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. రెండూ ఆపుకోలేదు. బతికుండగా ఒక్కసారి చేయిపట్టి రైలెక్కించి ఉంటే ఎంత బాగుండేదనుకుంది. కానీ చూసివచ్చి చెప్పమన్నాడు కదా. చూడకుండా ఏం చెబుతుంది?

సీసా ఎత్తి, అల్లుడి ముందే, తన వంతు తాగింది. ఇంకా తియ్యగానే ఉంది. ఆయన వంతు మిగిల్చి, బొడ్లోంచి తాటాకు బిరడా తీసి, ఊపిరాడేంత వదులుగా మూతిలో దోపింది. సీసాను వేపచెట్టు మొదలుకు ఆనించి నిలబెట్టింది.

“సూసొచ్చి చెప్త,” అంది, పక్కనున్న మనిషితో అన్నట్టు.

రైలు వచ్చింది. మధు చేయి అందిస్తే మూడు మెట్లూ ఎక్కి, సోమక్క కిటికీ పక్కన కూర్చుంది. రైలు మెల్లగా కదిలింది. స్తంభాలు, బెంచీలు, టీ కొట్టు వెనక్కి జరిగాయి. ఆమె కళ్లు మాత్రం గద్దెమీదే ఉన్నాయి. అక్కడ, వేపచెట్టుకు ఆనుకుని, ఆయన వంతు కల్లు మిగిలిన సీసా ఆకు బిరడా చుట్టూ సన్నటి నురుగు పొంగిస్తూ, దించుకుంటూ, మళ్లీ పొంగిస్తూ ఉంది.