గోడకు పూచీ

పొద్దున లేస్తే కోడలి మొదటి పని పొయ్యి మీద నీళ్లు పెట్టడం. మంచం పట్టిన అత్తగారికి ఒళ్లు తుడవాలి. కాగిన గిన్నె వంటింట్లోంచి మోసుకొచ్చేసరికి ఆ నిండు చూలాలికి నడుములు పడిపోయేవి. "ఒక పూట తుడవకపోతే నేనేం అరిగిపోనులే, వదిలెయ్యవే" అనేది అత్తగారు. కోడలు వినే రకమైతే కదా.

ఇల్లు అద్దెకిచ్చిన ఇంటాయన గీజర్ కొనిచ్చాడు, అక్కడికేదో ఊరు రాసిచ్చినట్టు. బిగించే దగ్గరే తగువొచ్చింది. ఆ మేడలో గోడకు తూటు పొడిస్తే ఆ నొప్పి గోడ ఉంచుకోదు, "పూచీ నాది" అన్న మనిషికి ఇచ్చేస్తుంది. అద్దెకు దిగేటప్పుడే నీళ్లొచ్చే వేళలతో పాటు ఈ సంగతీ చెబుతారు. కిందటేడు ఫ్యాను కొక్కేనికి పూచీ పడి కోడలి మొగుడు భుజం పోగొట్టుకున్నాడు. లారీ నడిపే మనిషి ఇప్పుడు గోడౌనుకు కాపలా కాస్తున్నాడు.

ఎలక్ట్రీషియన్ డ్రిల్లు పట్టుకుని బాత్రూం గుమ్మంలో నిలబడ్డాడు. "పూచీ ఎవరిదో తేల్చండి. అవతల పనులున్నాయి."

"గోడ మీది కదా బాబాయిగారూ" అంది కోడలు.

"గోడ నాదే తల్లీ, నీళ్లు మీవి. వస్తువు కొనివ్వడం వరకే నా వంతు. పైగా నాకు గుండె ఆపరేషనైంది, నీకు తెలీనిదా?"

అది అబద్ధం కాదు. అందుకే కోడలికి మరీ ఒళ్లు మండింది. చలికాలం గుమ్మంలోకి వచ్చేసింది, పురిటిబిడ్డకు వేడినీళ్లు లేకపోతే ఎలా? తనే పూచీ పడితే ఆ నొప్పి కడుపులో దిగదని ఎవరు చెప్పగలరు? అయినా "సరే, నేనే" అనబోయింది.

"పూచీ నాది" అంది లోపలి గదిలోంచి అత్తగారు. ఈమధ్య ఆమె అంత గట్టిగా మాట్లాడింది లేదు.

ఎలక్ట్రీషియన్ ఇంటాయన వైపు చూశాడు. ఇంటాయన తన చెప్పుల వైపు చూసుకున్నాడు. "పెద్దావిడే ఒప్పుకుందిగా. కానివ్వు."

కోడలు గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్లింది. "ఆ మాట వెనక్కి తీసుకోండి అత్తయ్యా."

"అన్నాక అంతేనే. నాకు సగం ఒళ్లు ఎప్పుడో చచ్చింది, మిగతాదానికి ఎంత తెలుస్తుందిలే. ఇలా కూర్చుని చెయ్యి పట్టుకో."

డ్రిల్లు మోగింది. ఒక్కో తూటుకీ ముసలామె కోడలి వేళ్లను నలిపేసింది. చివరి తూటుకు మాత్రం వదిలేసింది.

కోడలి ఏడుపు విని ఇంటాయన మెల్లగా మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఎలక్ట్రీషియన్ తలొంచుకుని పైపులు కలిపి స్విచ్ వేశాడు. సాయంత్రం కొడుకు రాగానే గీజర్‌లో కాగిన మొదటి నీళ్లు అత్తగారికే పోశారు.